కండ్లడబ్బాలకు దసరా పసుపు

చర్ర్.

కాసేపు ఏమీ లేదు. మళ్లీ చర్ర్.

మూసిన తలుపు వెనక ఎవరో చెరుకుగడను పళ్ల మధ్య పెట్టి తొక్క లాగుతున్నట్టు ఉంది. బోధన్‌లో ఆ చప్పుడు ఏ వాకిట్లోనైనా వినిపిస్తుంది కాబట్టి నేనూ అదే అనుకున్నాను. కానీ చెరుకు తినేవాళ్లు మధ్యలో నములుతారు, పిప్పి ఉమ్ముతారు, రసం మింగి ఒక్క క్షణం కళ్లు మూసుకుంటారు. ఈ చప్పుడుకు ఆ తీరిక లేదు. ఒకటి పూర్తిగా తెగకముందే ఇంకొకటి మొదలవుతోంది.

అరుగు మీద పచ్చగడ్డి మోపు విప్పుతున్న ముసలామె నన్ను చూసి నవ్వింది. ఆ ఇంటి యజమాని, ఈరవ్వ.

“తెల్లారినసంది గదే సప్పుడు సారూ. ఇప్పుతది, పెడ్తది. పెడ్తది, ఇప్పుతది. ఆ డబ్బాలకు నోరుంటె ఈపాటికి తిడుతుండె.”

తర్వాత తలుపు వైపు తిరిగి కేకేసింది. “రెబెకా! నీ గురించి రాస్తనన్న సారు ఒచ్చిండే!”

చప్పుడు ఆగింది. తలుపు సగం తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి, దానికి వేలాడుతూ నల్లటి పట్టీలు. తర్వాత సన్నటి గొలుసుకు చిన్న శిలువ. ఆ తర్వాత మనిషి. ముప్పై అయిదు దాటిన మనిషి. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. బయటికి వెళ్లాలో లోపలే ఉండాలో పాదాలు ఇంకా తేల్చుకోనట్టు.

“కూసోండ్రి సార్. నేను కూసోను, ఏమనుకోకుండ్రి. కూసుంటె నాకు కాళ్లు గుంజుతయ్.”

గదిలో చాప మీద పన్నెండు పరికరాలు వరసగా పడుకుని ఉన్నాయి. కళ్లకు కట్టుకుంటే ఈ గది మాయమై చుట్టూ ఇంకో లోకం కనిపించే పరికరాలు. తలకు బిగించే పట్టీలు స్కూలు బూట్ల పట్టీల్లాంటివి, లాగితే చర్రుమంటాయి. వర్చువల్ రియాలిటీ అనే పెద్ద మాట బోధన్ నుంచి చందూర్ వెళ్లే దారిలో ఎక్కడో బండి మీంచి జారిపోయింది. ఇక్కడి పిల్లలు వాటిని కండ్లడబ్బాలు అంటారు. వాటిని తెచ్చే రెబెకాను డబ్బా మేడం అంటారు.

హైదరాబాద్‌లోని ఒక సంస్థ ఇచ్చిన డబ్బాలవి. స్కూటీకి ముందొక సంచి, వెనకొక సంచి కట్టుకుని, బోధన్, వర్ని, చందూర్ వైపు సర్కారు బడులన్నీ తిరుగుతుంది రెబెకా. ఈ బడిలో సముద్రం చూపిస్తుంది, ఆ బడిలో గుండె లోపలి గదులు చూపిస్తుంది. పిల్లలు చూసి నోళ్లు తెరుస్తారు. ఆ నోళ్లు మూసుకునేలోపే ఆమె సంచులు కట్టుకుని ఇంకో ఊరి దారిలో ఉంటుంది.

మర్నాడు నేను ఆమె వెంట వెళ్లాను. రోడ్డుకు రెండు వైపులా చెరుకు మనిషిని మించి ఎదిగి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా తోట మొత్తం ఒక్కసారిగా లేచి ఎక్కడికో బయలుదేరినట్టు కదిలి, వేళ్లు గుర్తొచ్చి ఆగిపోతోంది. స్కూటీ మీద రెబెకా మాత్రం ఆగలేదు. నా బండి ఎంత తొందరపడ్డా ఆమె చున్నీ కొస వెనకే ఉండిపోయింది.

బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు బెంచీలు గోడకు నెట్టి నిలబడ్డారు.

“చేతులు సాపుండ్రి. ఇద్దరి నడుమ జాగ ఉండాలె. పక్కోని ముక్కు పగలగొట్టినోళ్లకు సముద్రం బంద్.”

“మేడం, మొన్న వేణుగాడు నన్నే గుద్దిండు.”

“నువ్వెందుకు వాని సముద్రంలకు పోయినవ్?”

నవ్వులు. తర్వాత డబ్బాలు బిగుసుకున్నాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పన్నెండు ముఖాలకు ఇప్పుడు కళ్లు లేవు, నోళ్లే ఉన్నాయి. నేను కాక ఆ గదిలో చూడగలిగింది రెబెకా ఒక్కతే. ఆమె వాళ్ల మధ్య నడుస్తోంది. ఒకరి భుజం సర్దుతూ, గోడ వైపు పోతున్న ఒకరిని తిప్పుతూ, ఎవరికీ తెలియనంత మెత్తగా, ఎవరూ పడిపోనంత దగ్గరగా.

ఆ రోజు పాఠం ఆకు. ఆకులో తీపి ఎలా పుడుతుందో చూపించే పాఠం.

“ఇప్పుడు మీరు చెరుకు మొక్క కింద ఉన్నరు. తలకాయ పైకెత్తుండ్రి. ఎండ కనబడ్తుందా?”

పన్నెండు గడ్డాలు, ఇక్కడి మాటలో గదువలు, లేచాయి.

“ఆ ఎండ తోవనే పట్టుకొని ఆకు లోపటికి పోతున్నం. నీళ్లు ఒస్తయ్, గాలి ఒస్తది. చేతులతోని పట్టుకొని కలుపుండ్రి.”

పిల్లల చేతులు ఖాళీ గాలిలో ఏవో పట్టుకుంటున్నాయి, జారవిడుస్తున్నాయి, మళ్లీ వెతుకుతున్నాయి. అంకిత అనే అమ్మాయి రెండు అరచేతులు దగ్గరికి తెచ్చి ఊపిరి బిగబట్టింది. “అయింది మేడం! చక్కెర అయింది!”

తిరిగి వస్తూ ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. ఆమె గ్లాసు చేత్తో పట్టుకుని బండి చుట్టూ తిరుగుతూనే తాగింది.

“లోపల ఎలా ఉంటుంది?” అని అడిగాను.

“వాళ్ల గదువ సూస్తె ఎర్కయితది సార్. గదువ లేసిందంటె ఆకు కిందికి ఒచ్చిండ్రు. చేతులు కలిసినయంటె చక్కెర అయింది.”

“మీరు చూసినప్పుడు ఎలా ఉంది?”

గ్లాసులో మిగిలిన టీని రోడ్డు మీద పారబోసి చాలాసేపు చున్నీ సర్దుకుంది.

“నేను సూడలే.”

పెట్టుకుంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు బస్సులో కూడా కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేది. కండ్లడబ్బాలో కిటికీ లేదు. హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చినప్పుడు అందరితో పాటు పెట్టుకుంది, లోపల కళ్లు మూసుకుంది. పక్కవాళ్లు అబ్బా అన్నప్పుడు తనూ అబ్బా అంది.

“మీద డబ్బా ఉన్నది గద సార్. కండ్లు మూసుకున్నమా తెరిసినమా ఎవలు సూస్తరు?”

నవ్వింది. ఆ నవ్వు కూడా ఎక్కువసేపు నిలబడలేదు.

చిన్నప్పుడూ ఆమె చోటు బొమ్మల వెనకే. తండ్రి జయరాజ్ మెథడిస్టు చర్చి తరఫున మాక్లూర్ వైపు ఊళ్లకు సైకిల్ మీద తిరిగి కథలు చెప్పేవాడు. సైకిల్‌కు కట్టిన పొడుగు గుడ్డచుట్టలో రంగు బొమ్మలు ఉండేవి. సముద్రం రెండుగా విడిపోయిన బొమ్మ, తప్పిపోయిన గొర్రెపిల్ల బొమ్మ. ఊరి మధ్య లాంతరు వెలిగించి, రెండు కర్రల మధ్య ఆ గుడ్డను చాపేవారు. ఒక కర్ర గోడకు ఆనించి ఉండేది. రెండోది రెబెకా చేతిలో. కథ నడిచినంతసేపు ఆమె గుడ్డ వెనక నిలబడాలి. అక్కడినుంచి రంగులు పలచగా, కుడి ఎడమైన కలలా కనిపించేవి. కానీ ఎదురుగా కూర్చున్న ముఖాలు స్పష్టంగా కనిపించేవి. సముద్రం చీలిందని ఆమెకు బొమ్మ చెప్పలేదు. ఆడవాళ్ల కళ్లు చెప్పాయి.

ఒక ఏడు జయరాజ్‌కు ఎడమ కాలు పడిపోయింది. గుడ్డచుట్టను ఇంకో బోధకుడికి ఇచ్చి ఇంకో దిక్కు పంపేశారు. ఎవరూ తప్పు చేయలేదు. సైకిల్ తొక్కలేనివాడి దగ్గర అది ఉండి ఏం లాభం?

“చుట్టను తగిలిచ్చే మేకు గోడకు అట్లనే ఉండె సార్. బాపు పొద్దుందాక ఆ మేకునే సూసుకుంట కూసుంటుండె. పోయేదాక గట్లనే కూసున్నడు.”

అప్పటినుంచి ఆమె కూర్చోవడం మానేసిందనిపిస్తుంది. నిజామాబాద్‌లో బట్టల కొట్టులో చేసింది. ఒక ఆసుపత్రిలో చీటీలు రాసింది. ట్యూషన్ చెప్పింది. ఎక్కడా కుర్చీ ఆమెను పట్టుకోలేకపోయింది. ఈ పన్నెండు డబ్బాలు వచ్చాకే కాళ్లకు ఒక పని దొరికింది.

దసరా సెలవులకు ముందు రోజు ఆమెకు ఫోన్ వచ్చింది. అవతల సంస్థ మనిషి, అనిల్‌కుమార్. సెలవులయ్యాక బడి తెరిచిన రోజే చూడటానికి వస్తానన్నాడు. పాఠాలు సరిగ్గా నడుస్తుంటే డబ్బాలు ఇక్కడే ఉంటాయి. లేకపోతే అడుగుతున్న వేరే జిల్లాకు వెళ్తాయి. అతను మెత్తగానే చెప్పాడట. ఫోన్ పెట్టేశాక రెబెకా వాకిట్లో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉంది. చూసి చూసి ఈరవ్వకు విసుగొచ్చింది.

“నీ కాళ్లకింద నా వాకిలి అరిగిపోతుంది. పో, పండుగకన్న పొయ్యి మీ అవ్వ కాడ ఉండు. డబ్బాలు నేను సూసుకుంట.”

రెబెకా డబ్బాలను ఈరవ్వకు అప్పగించి, నిజామాబాద్‌లో ఉన్న తల్లి శారమ్మ దగ్గరికి వెళ్లింది.

బడి తెరిచే రోజు పొద్దున్నే నేను రాకాసిపేటలో ఈరవ్వ ఇంటికి చేరేసరికి ఆమె అప్పుడే బస్సు దిగి వచ్చింది. నిమ్మకాయ ఇంకా చేతిలోనే ఉంది. సంచి జిప్పు లాగి, అలాగే ఆగిపోయింది.

ప్రతి డబ్బా లోపల, కళ్లు ఉండాల్సిన చోట, ఒక జమ్మి రెమ్మ. బయట ముందు వైపు నాలుగు మూలల్లో నాలుగు పసుపు బొట్లు, వాటి మధ్య కుంకుమ. పన్నెండింటికీ.

“అవ్వా, ఏందిది?”

ఈరవ్వ పాలచెంబు పట్టుకుని గర్వంగా వచ్చింది. “పూజ చేసిన బిడ్డా. కొడవలికి పెట్టిన, గడ్డపారకు పెట్టిన, మిక్సీకి గూడ పెట్టిన. నీ కొలువుకు ఆయుధాలు గివే గద? నువ్వు లేవాయె. గీటికి పెట్టకుంటె అలుగయా?”

“నాలుగేసి బొట్లు ఎందుకు పెట్టినవ్?”

“నాలుగు కండ్లున్నయ్ గద ఒక్కొక్కదానికి. నల్లగ, సిన్నగ. ఒక్క కన్ను గూడ ఇడువలే. పసుపు రాలకుండ నువ్వుల నూనె కలిపి పెట్టిన.”

ఈరవ్వ సరిగ్గానే చూసింది. అవి కళ్లే. డబ్బాకు ముందు ఉండే ఆ నాలుగు నల్లటి చుక్కలు పిల్లల చేతులను చూస్తాయి. అవి చూస్తేనే లోపలి లోకంలో పిల్లలకు తమ చేతులు కనిపిస్తాయి.

రెబెకా నోరు తెరిచింది. ఈరవ్వ ముఖం చూసి ఆ మాట మింగేసింది.

“మంచిగ చేసినవవ్వా.”

“లోపట బంగారం గూడ పెట్టిన,” అంది ఈరవ్వ, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి రెమ్మలు చూపిస్తూ.

ముసలామె బర్రె దగ్గరికి వెళ్లగానే రెబెకా చున్నీ కొస తడిపి తుడవడం మొదలుపెట్టింది. నిలబడి తుడిచింది, నడుస్తూ తుడిచింది. చున్నీ పచ్చగా మారింది. డబ్బాలు మళ్లీ నల్లగా మెరిశాయి. మెరుపు కొంచెం ఎక్కువగానే ఉంది. అది నూనె అని ఆ తొందరలో ఇద్దరికీ తట్టలేదు.

బడిలో అనిల్‌కుమార్ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కుర్రవాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఒళ్లో ఒక టాబ్లెట్. రెబెకా టాబ్లెట్‌లో పాఠం మొదలుపెట్టడానికీ ఆపడానికీ రెండు గుర్తులే ఉంటాయి. అతనిదాంట్లో పిల్లలు లోపల చూసేదంతా కనిపిస్తుంది. పక్కన హెడ్మాస్టర్ ఆత్మారాం సారు తమలపాకు నములుతున్నాడు.

“ఏం భయపడకు మేడం. మా పోరగాండ్లు నీ పరువు తియ్యరు,” అన్నాడాయన.

పాఠం ఆకు. డబ్బాలు బిగిశాయి. గదువలు లేచాయి. ఎండ దారి పట్టుకుని పన్నెండు మందీ ఆకు లోపలికి వెళ్లారు. నీళ్లు వచ్చే వేళయింది. చేతులు ముందుకు చాచారు.

“మేడం, నా చేతులేవి?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే తెగింది.

“నాయి గూడ లేవు మేడం!”

“నా చేతులు పోయినయ్!”

గది అంతా ఒక వెతుకులాట అయింది. పిల్లలు చేతులు ముఖం ముందుకు తెచ్చుకుంటున్నారు, తిప్పుతున్నారు, ఒకదాన్ని ఒకటి తట్టుకుంటున్నారు. తాకితే ఉన్నాయి, చూస్తే లేవు. మొన్న పక్కవాణ్ణి గుద్దిన వేణు ముందు నవ్వాడు, తర్వాత తన మోచేతిని గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రెబెకా పరుగెత్తింది. డబ్బా తీయలేదు. ముందు వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“గివే నీ చేతులు. నా చేతిల ఉన్నయ్. ఎటూ పోలే.”

ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి వెళ్లి అలాగే పట్టుకుంది. పట్టుకున్నవాళ్లు కుదుటపడుతున్నారు, వదిలిన వెంటనే మళ్లీ వెతుక్కుంటున్నారు. ఆమెవి రెండే చేతులు. చివరికి ఆపేసింది. డబ్బాలు ఊడాయి. చర్ర్, చర్ర్, చర్ర్.

అనిల్‌కుమార్ లేచి ఒక డబ్బాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. నల్లటి కన్ను మీద సన్నటి పచ్చటి పొర.

“ఇదేంటి మేడం? పసుపా?”

ఆత్మారాం సారుకు నవ్వు ఆగలేదు. “దసరా గద సార్. మేము బండ్లకు, ట్రాక్టర్లకు గిట్లనే పెడ్తం. ఎవలు పెట్టిండ్రు?”

“నేనే పెట్టిన సార్,” అంది రెబెకా.

హెడ్మాస్టర్ చూపు ఆమె మెడలోని శిలువ మీద ఆగింది. “నువ్వు ఎప్పటిసంది ఆయుధపూజ చేస్తున్నవ్ రెబెకా మేడం?”

“గీ ఏడాది సంది సార్.”

ఆయన మళ్లీ నవ్వబోయి, ఆమె ముఖం చూసి తమలపాకు వైపు మళ్లాడు.

అనిల్‌కుమార్ నవ్వలేదు. జేబులోంచి ఒక మెత్తటి గుడ్డ తీసి, సీసాలోని మందు చుక్క వేసి, ఆ ఒక్క డబ్బా కళ్లు నాలుగూ తుడిచాడు. “ఏదైనా ఆగిపోతే మొదట మీరు లోపలికి వెళ్లి చూడాలి కదా మేడం. శిక్షణలో చెప్పాం. ఇది పెట్టుకోండి. ఏది కనిపిస్తోందో, ఏది కనిపించట్లేదో నాకు చెప్పండి.”

రెబెకా డబ్బా అందుకుంది. చుట్టూ చూసింది. గోడ, బెంచీలు, పిల్లలు, కిటికీ అవతల చెరుకు. తర్వాత పెట్టుకుంది. ఆమె కనురెప్పలు ఏం చేశాయో డబ్బాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసనిపించింది.

“ఏం కనిపిస్తోంది?”

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎన్నో తరగతుల్లో చెప్పీ చెప్పీ నున్నబడ్డ మాట.

“చెరుకు మొక్క కింద నిలబడ్డ సార్.”

అనిల్‌కుమార్ టాబ్లెట్ వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఎర్రటి వెడల్పాటి ఆకులతో ఒక పెద్ద చెట్టు ఉంది. దాని వెనక మంచు కొండలు. ఇక్కడి ఏ పొలంలోనూ, ఏ గట్టు మీదా లేని చెట్టు.

“చెరుకా?” అన్నాడు.

పిల్లలందరూ నేల చూస్తున్నారు. అందరికీ తెలుసు. ఆ పాఠం చూసిన మొదటి రోజు నుంచే తెలుసు. మేడం చెరుకంది, సరే చెరుకే అనుకున్నారు.

అంకిత ముందుకు వచ్చింది. గొంతు సన్నగా ఉంది కానీ తడబడలేదు.

“అవ్ సార్, చెరుకే. మాకు గూడ చెరుకే కనబడ్తది.”

“అవ్ సార్,” అన్నాడు వేణు.

ఆ రెండు మాటలతో రెబెకా భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. డబ్బా కింద ఏం జరిగిందో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. ఆమె కళ్లు తెరిచింది. అడుగు వెనక్కి పడింది. తల నెమ్మదిగా పైకి లేచింది. ఇన్నాళ్లు తను చూసిన గదువల్లాగే ఆమె గదువ కూడా లేచింది.

“కాదు,” అంది. “చెరుకు కాదు. ఎర్రగున్నది. గింత పెద్ద చెట్టు. తెల్లగ కొండలున్నయ్. మంచు.” ఊపిరి పీల్చుకుంది. “పోరగాండ్లు అబద్ధమాడిండ్రు సార్. నా కోసమే.”

“చాలు మేడం, తీసేయండి,” అన్నాడతను. ఆమె ముఖం పాలిపోవడం అతనికి కూడా కనిపించింది.

“ఒద్దు. లోపటికి పోవాలె.”

వెళ్లింది. టాబ్లెట్‌లో ఎండ దారి, పచ్చటి గోడలు, వాటి మీద వెలుగు చుక్కలు. ఆమె ఒళ్లు గాలికి చెరుకులా ఊగుతోంది. పాదాలు తొందరపడుతున్నాయి. పక్కకు జరగాలి, పారిపోవాలి, బయటి గది ఎక్కడుందో చూసుకోవాలి. అయినా డబ్బా తీయలేదు. చేతులు ముందుకు చాచింది. టాబ్లెట్‌లో రెండు చేతులు కనిపించాయి. అవి నీళ్లను పట్టుకున్నాయి, గాలిని పట్టుకున్నాయి. చాలాసేపు కలవలేదు. కలిశాయి.

డబ్బా తీసి అంకిత చేతిలో పెట్టి, బయటికి పరుగెత్తింది. బోరింగు దగ్గర వంగి కక్కుకుంది. ఆత్మారాం సారు తానే వెళ్లి బోరింగు కొట్టాడు.

“కడుక్కో బిడ్డా,” అన్నాడు. మేడం అనలేదు.

అనిల్‌కుమార్ వెళ్లేముందు బండి దగ్గర నిలబడి చెప్పాడు. డబ్బాలను ఇప్పుడు తీసుకుపోవట్లేదు. మిగతా పదకొండూ తుడిచే పద్ధతి చూపించాడు. వచ్చే వారం మళ్లీ వస్తాడు. ఆలోపు సంచిలో ఉన్న పాఠాలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, ఆమె చివరిదాకా చూసి ఉండాలి. చూడని లోకంలోకి పిల్లల్ని పంపకూడదు. అలా కుదరకపోతే చూడగలిగే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది.

“తప్పుగా అనుకోకండి మేడం.”

“తప్పేంది సార్. మీరన్నది నిజమే.”

తిరుగు దారిలో ఆమె స్కూటీ మొదటిసారి నా బండి వెనక వచ్చింది. ఒకచోట నిలిపి, దిగి, గట్టు మీంచి ఒక చెరుకు ఆకు తెంపుకుంది. అంచు వేలికి కోసుకుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది, ఆ సన్నటి పచ్చదనంలో ఎక్కడో ఎర్రటి చెట్టు దాగి ఉందేమోనని.

“ఎన్ని బడుల చెప్పిన సార్, చెరుకు చెరుకని. ఒక్క పోరడన్న కాదనలే.”

మర్నాడు సెలవు తీసుకోవడానికి వెళ్లాను. వాకిట్లోనే ఈరవ్వ పట్టుకుంది.

“పరీచ్చ పాసయిందా సారూ? అడిగితె చెప్తలేదు. పూజ ఫలించిందా?”

నేను లోపలికి చూశాను. గదిలో చాప మడిచి ఉంది. మధ్యలో ఈరవ్వ ఇంటి కుర్చీ ఒకటి. నేను వచ్చినప్పటినుంచి ఆ గదిలో కుర్చీ చూడటం అదే మొదలు. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో నిమ్మకాయతో రెబెకా దాని చుట్టూ తిరుగుతోంది.

“ఫలించిందవ్వా,” అంది ఆమె లోపల్నుంచే. “నువ్వు పెట్టకపోతె నేను సూడకపోదును.”

“మల్ల పెట్టాల్నా?”

“ఒద్దు! మల్ల దసరాకు సంచికి పెట్టు. డబ్బా జోలికి పోకు.”

ఈరవ్వకు సగమే అర్థమైంది. అయినా నవ్వి, ఒక పీట తెచ్చుకుని గడప దగ్గర కూర్చుంది. కూర్చోవడం ఎలాగో ఆ ముసలామెకు బాగా తెలుసు. కాళ్లు చాపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నం దాకా కదలాల్సిన పని లేనట్టు కూర్చుంది.

“ఈ రోజు ఏ పాఠం?” అని అడిగాను.

“సముద్రం.” నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుంది. “బాపు బొమ్మల చుట్టల గూడ సముద్రమే మొదలు.”

కుర్చీ అంచు మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. పట్టీ చర్రుమంది. డబ్బాను నుదుటి దాకా తెచ్చి, అక్కడ ఆపింది. దాని కిందనుంచి రెండు కళ్లు నా వైపు, తలుపు వైపు, తలుపు అవతల నిలబెట్టిన స్కూటీ వైపు తిరిగాయి.

“మీరు పొండ్రి సార్, ఏమనుకోకుండ్రి. ఎదురుంగ మనిషుంటె నేను ఆ మనిషి ముఖమే సూస్త, సముద్రం సూడ. నా యెనక అవ్వ కూసుంటది, సాలు. పొయ్యేటప్పుడు జర తలుపు దగ్గరికేసి పొండ్రి, ఆ స్కూటీ కనబడకుండ.”